భ్రమరాంబ పెరటికొలను

రోహిణీకార్తె ప్రవేశించి మూడుదినములయ్యెను. ఈ కార్తెలో రోళ్లు పగులునని పెద్దలనుట యన్యులకు నతిశయోక్తిగా దోచునేమోగాని మార్కాపురమువారికి బ్రత్యక్షప్రమాణము. ప్రచండమార్తాండకిరణసంతప్తములైన పలకరాతిగుట్టలు పట్టణము చుట్టును బెనములవలె సెగలుగ్రక్కుచుండగా వీధిశునకములు జిహ్వలు వ్రేలవైచి మురుగుకాలువల యంచున నీడకై దేవులాడుచుండగా గొట్టపుబావులు నీటికి మాఱుగా దగ్గును మాత్రమే వెలువరించుచుండగా కొళాయిలయొద్ద బిందెలు తమ యజమానురాండ్రకంటె ముందే వరుసదీరి కూర్చుండగా అట్టి మధ్యాహ్నసమయమున దక్షిణపువీధి కొననున్న యొక పెంకుటింటి పెరటిలో నిరువదియాఱడుగుల పొడవును బదుమూడడుగుల వెడల్పును నాలుగడుగుల లోతును గల క్రొత్త యీతకొలను నిండుగా నీరు గలిగియుండెను. గగనమువలె నీలమై యుండవలసిన యా నీరు గోంగూర యుడికిన కుండవలె బచ్చగా నుండెను. గట్టుమీద నిలువుటెండలో నిలిచి దానిని జూచుచున్న యఱువదియేండ్ల స్త్రీ పేరు భ్రమరాంబ. ఆమె కన్నులలో నీరు నిండియుండెను గాని కోపము దానికంటె నెక్కువగా నుండెను.

పచ్చళ్ల భ్రమరాంబ యనిన నా చుట్టుపట్ల నెఱుగనివారు లేరు. ముప్పదియెనిమిది వేసవుల నావకాయయు మాగాయయు బండుమిరపకాయ పచ్చడియు జాడీలకెత్తి గిద్దలూరు మొదలు వినుకొండవఱకు బంపిన యామె హస్తము త్రాసును తాకి యెఱుగదు. కారమును బిడికిలితోను ఆవపిండిని దోసిలితోను ఉప్పును గంటెతోను గొలుచుటయే యామె శాస్త్రము. "ఉప్పు తగ్గినచో జాడీ బూజుపట్టును. మించినచో దినువారు మఱియొక ముద్ద యన్నము గలుపుకొందురు. కావున సందేహము వచ్చినచోట నింకొక పిడికెడు" అనునది తనయొద్ద బనిచేయు స్త్రీల కామె నిత్యము చెప్పు సూత్రము. జాడీలయం దా సూత్ర మెన్నడును దప్పలేదు. అందుచేత లోకమంతయు నొక పెద్దజాడీయేయని యామె నమ్మియుండెను.

ఆమె భర్త విశ్వపతి గూడ్సుబండ్లను నడిపి పదవీవిరమణ మొందినవాడు. మాఘమాసమున నొకనాటి యుదయమున కాఫీగ్లాసు నందుకొనబోయి పక్షవాతముచే గూలిపోయెను. మాట దక్కెను. చేయి మెల్లగా దారికి వచ్చెను. కుడికాలు మాత్రము పరాయివాని కాలువలె మంచముమీద బడియుండెను. ఒంగోలునందలి వైద్యురాలు పరీక్షించి "నేలమీద బరువు మోయలేని కాలు నీటిలో దేలికయై యడుగు వేయును. నిత్యము నడిపింపుడు. ఆఱుమాసములలోపల కాలు నేర్చుకొన్నదే పెక్కుపాలు నిలుచును. ఆపైన నేర్పుట కష్టము" అని చెప్పెను. మార్కాపురమున నట్టి కొలనెక్కడిది? భ్రమరాంబ రెండవయాలోచన లేక తాను మిరపకాయలెండబోయు కళ్లమును ద్రవ్వించి కొలను గట్టించెను. "త్రాగునీటికే తంటాలు పడుచుండ నీ దంపతులకు జలక్రీడలు గావలసివచ్చెనా?" అని ప్రక్కనున్న పలకల మిల్లు యజమాని కాశిరెడ్డి నలుగురిలో నవ్వెను. చైత్రమున దొలిసారి నీటదిగిన విశ్వపతి కమ్మిని బట్టుకొని యెనిమిదడుగులు వేసెను. ఇరువదవదినమున గమ్మిని విడిచి యీవలిగట్టునుండి యావలిగట్టునకు నడచెను. నాడామె కొంగు నోటికడ్డము పెట్టుకొని పసిబిడ్డవలె వెక్కి వెక్కి యేడ్చెను.

కొలను గట్టినవారు వెళ్లునప్పుడు రెండువస్తువుల నామె కప్పగించిరి. ఒకటి నీటిలోని క్రిములను జంపు క్లోరిన్ బిళ్లలు. రెండవది స్టెబిలైజరను తెల్లని పొడి. ఎండ క్లోరినును గంటలలో హరించును గావున దానిని గాచుటకే యీ పొడి. కిలోన్నర యొక్కమారు గుడ్డలో మూటగట్టి నీట వ్రేలాడదీసినచో వేసవియంతయు జాలునని వారు మఱి మఱి చెప్పిరి. భ్రమరాంబ దానికి ఎండకాపు పొడి యని పేరుపెట్టెను. ఊరుగానియూరినుండి వచ్చిన వీరికి మార్కాపురపుటెండ యేమి తెలియును, కిలోన్నర యే మూలకు వచ్చును అని తలపోసి ప్రతియుదయమున నొకపిడికెడు పొడిని మూటలో జేర్చుచు వచ్చెను. నీరు మసకబాఱినప్పు డొకపిడికెడు. గోడలు జాఱుడు పట్టినప్పుడు మఱియొక పిడికెడు. బిళ్లలు రెండింతలు. ఇట్లొక మాసము గడచునప్పటికి నీరు పచ్చబడెను. ఆ సంగతి ఫోనులో విన్న వైద్యురాలు అడుగు కనబడని నీట దిగవలదని గట్టిగా జెప్పెను. విశ్వపతి మఱల మంచముపట్టి నేటికి దొమ్మిదిదినములు. "సిగ్నలు పడలేదే భ్రమరాంబా, బండి నిలిచిపోయినది" అని యతడు మొదట బరిహాసమాడుచుండెను. నిన్నటినుండి యా పరిహాసమును మానుకొనెను. మిగిలినది రెండుమాసముల గడువు. భర్త కాలు మంచముమీదనే యుండిపోవునేమో యని యామె దినములు లెక్కించుచుండెను.

ఆ మధ్యాహ్నముననే భ్రమరాంబ కబురుపై నస్రీన్ అను యువతి గుంటూరినుండి చిన్నపెట్టె నొకదానిని జేతబట్టుకొని వచ్చెను. రసాయనశాస్త్రము చదివి కొలనుల నీటిని బరీక్షించుటయే వృత్తిగా గొన్నది. వచ్చినతోడనే నీటిని బుడ్డిలో బట్టి రెండుచుక్కల మందు వేయగా నది చిక్కనిరంగు దేఱెను.

"క్లోరిను పుష్కలముగా నున్నది పెద్దమ్మా" అనెను.

"లేకేమి? నా చేతితో వేసితిని" అని భ్రమరాంబ తల యెత్తెను.

"ఉన్నది గాని పనిచేయుటలేదు" అని నస్రీన్ మెల్లగా బలికి మఱికొంత నీటిని స్టెబిలైజరును బట్టియిచ్చు వేఱొకమందుతో గలిపి కుదుప నది మజ్జిగతేటవలె దెల్లబడెను. అడుగున నల్లనిచుక్కగల సన్నని గొట్టమును భ్రమరాంబ చేతికిచ్చి "నేను బోయుచుందును. పైనుండి చూచుచు జుక్క కనబడుట మానినతోడనే చెప్పుడు" అనెను. గొట్టము ముప్పాతిక నిండువఱకును గనబడవలసిన యా చుక్క మొదటిగీత చేరకమునుపే మాయమయ్యెను. నా చూపు మందగించెనేమో యని భ్రమరాంబ కన్నులు తుడుచుకొనెను. నస్రీన్ కొలనునీటికి సమముగా మంచినీటిని గలిపి మఱల బరీక్షించి లెక్కగట్టి "మీ చూపు చక్కగానే యున్నది. పదిలక్షల పాళ్ల నీటికి నలువదిపాళ్లుండవలసిన స్టెబిలైజరు పొడి నూటయఱువదిపాళ్లున్నది. మఱల మఱల వేసినవారెవరు?" అని యడిగెను.

"నేనే. ఎండ ముదిరినకొలది కాపు ముదురవలదా?"

"క్లోరిను కాపలావాడు పెద్దమ్మా. ఈ పొడి వాని తలమీది గొడుగు. ఒకగొడుగున్నచో నెండకోర్చి దొంగలను బట్టును. పదిగొడుగులు చేతికిచ్చినచో వాడు గొడుగులనే మోయునా, దొంగలనే పట్టునా? మీ బిళ్లలలోను నీ పొడియే కొంత గలసియున్నది. బిళ్ల వేసినప్పుడెల్ల మఱియొక గొడు గిచ్చితిరి."

"అయినదేమో అయినది. విఱుగుడు చెప్పుము."

"దీనికి విఱుగుడు లేదు. ఎండకు బోదు, గాలికి బోదు. ముప్పాతిక నీరు తోడివేసి క్రొత్తనీరు నింపుటయే దారి."

ఆ మాట భ్రమరాంబ చెవిని కాచిన నూనెవలె బడెను. బిందెడు నీటికై కొళాయికడ జుట్లు పట్టుకొను నూరిలో రోహిణీకార్తెలో నిరువదియెనిమిదివేల లీటర్ల నీరు పాఱబోయుటయా! "నిన్నగాక మొన్న పుట్టినదానవు, నీ నోరెట్లాడెనే యా మాట యనుటకు? నా చేతితో జెడినది నా చేతితోనే బాగుపడును" అని బిగ్గఱగా గేకలువైచి కొట్టులోనికి బోయి సంచిలోని పొడిని బిడికిలినిండ దీసికొని వచ్చెను. ఆ కేకలకు లోపల మంచముమీదనున్న విశ్వపతి యేమి యుపద్రవమో యని లేచి గోడబట్టుకొని పెరటిగుమ్మమువఱకు వచ్చెను గాని తొమ్మిదిదినములుగా గదలిక లేని కాలు గడపయొద్ద మడతపడ నతడు మోకాళ్లమీద గూలబడెను.

ఇరువురు నొకపరుగున బోయి లేవనెత్తి కూర్చుండబెట్టిరి. భ్రమరాంబ పిడికిలి యింకను మూసియే యుండెను. విశ్వపతి దానిని జూచి యాయాసము దీఱిన పిదప నిట్లనెను. "ముప్పదినాలుగేండ్లు బండి నడిపితిని. బండి గతి తప్పినప్పుడు వేగము పెంచి బాగుచేసిన డ్రైవరు నెక్కడను జూడలేదే. మొట్టమొదట నాపవలెను."

ఆమె పిడికిలి విప్పెను. తెల్లనిపొడి గడపమీద రాలెను. "మీ కాలికి నా చేతులార నేనే సంకెల వేసితినండీ" అని యామె యతని మోకాటిమీద దల యాన్చి భోరున నేడ్చెను. "సంకెలకాదు, గొడుగే. కొంచె మెక్కువ పట్టితివి" అని యతడు తొమ్మిదిదినములలో దొలిసారిగా మనసార నవ్వెను.

పట్టుదలగలవారికి బశ్చాత్తాపము గూడ బట్టుదలగానే యుండును. భ్రమరాంబ మొగము గడుగుకొని తిన్నగా గాశిరెడ్డి మిల్లునకు బోయెను. పలకరాతిని గోయు రంపములు వేడెక్కకుండుటకై వానిమీద నిరంతరము నీరు పాఱవలెను. ఆ వేసవి మఱియొక దారిలేక కాశిరెడ్డి తన మామిడితోటబావి మంచినీటినే ట్యాంకరులతో దెప్పించి రంపములపై బోయించుచుండెను. ఆమె గుమ్మములో నిలిచియే "తమ్ముడా, మా కొలనులో బచ్చబడిన నీరున్నది. అది నీ రంపములకు బోయుము. నీ బావినీరు నా కొలనునకు నిమ్ము. ఒక్క చుక్కయు వృథాగాదు" అనెను. నలుగురిలో దాను నవ్విన నవ్వు జ్ఞప్తికివచ్చి కాశిరెడ్డి తలవంచుకొని "రంపమునకు రుచి తెలియునా అక్కా? నేడే ట్యాంకరును బంపుదును. బావ నడచుటకంటె నాకు గావలసినదేమున్నది?" అని పలికెను. రెండుదినములలో నాఱుట్యాంకరులు పచ్చనీటితో బోయి మంచినీటితో దిరిగివచ్చెను.

కొలను నిండినపిదప నస్రీన్ మఱల గొట్టములో జుక్కను జూపించెను. మిగిలిన పాతనీటిలోని పొడియే నలువదికి సరిపోయినది గనుక నింక నొక్కరవ్వయైనను వేయవలదనియు బిళ్లలు మాని పొడి గలియని ద్రవక్లోరినునే సాయంసమయమున గొలపాత్రతో గొలిచి పోయవలెననియు గోడలు రుద్ది ఫిల్టరు నెడతెగక నడుపవలెననియు జెప్పి వెళ్లెను. కొలపాత్రలోని గీతయెదుట కన్ను నిలిపి భ్రమరాంబ ద్రవమును గొలుచుచుండ బచ్చళ్లు కలుపు స్త్రీలు మోచేతులతో నొకరినొకరు పొడుచుకొనిరి. గోడలు రుద్దుట యామెకు గష్టము గాలేదు. వేయకుండుటయే కష్టమయ్యెను. మూడవదినమునకును నీరు పాలతేటవలె మసకగానే యుండుట జూచి యామె చేయి సంచికై దురదపెట్టెను. కొట్టుతలుపువఱకు బోయి నిలిచి తానుగా సంచిమూతి బిగించి కాశిరెడ్డి యింట దాచుమని యిచ్చి వచ్చెను. ఐదవనాటి యుదయమున గట్టుమీద నిలిచి చూడ నాలుగడుగుల లోతున బఱచిన పలకరాళ్ల నడిమి సందులు గీత గీతగా గనబడెను. "ఏమండీ, సిగ్నలు పడినది!" అని యామె వేసిన కేక వీధికొనవఱకు వినబడెను.

విశ్వపతి మఱల నెనిమిదడుగులనుండి యారంభించెను. నాటినాటికి నడుగులు హెచ్చుచు జ్యేష్ఠమాసము గడచెను. నీరు దినదినము నిర్మలముగా నిలిచెను. ఆషాఢమున దొలివాన కురిసి వెలిసిన యొక ప్రాతఃకాలమున నతడు కొలను నాలుగుమార్లు చుట్టివచ్చి మెట్లకడ నాగి "భ్రమరాంబా, నేడు కఱ్ఱ యీయకుము" అని మెట్లెక్కి నేలమీద నిలిచెను. ఐదుమాసములుగా నేలమీద నొంటరియడుగు వేయనివాడు కుడికాలు ముందునకు జాపెను. దేహము తూగెను. గట్టుమీదనున్న యామె చేయి తనంత తానుగా ముందునకు బోయెను. పోయి సగములో నాగెను. ఆదరమునకును మితముండునని యామెకు జదువులు చెప్పలేదు, చెడిన నీరు చెప్పెను. ఆమె రెండుచేతులను గొంగులో జుట్టుకొని పెదవి కఱచుకొని కదలక నిలిచెను. విశ్వపతి యూగి సర్దుకొని యెడమకాలు పెట్టెను. కడిగిన పలకరాతి నేలమీద దడియడుగుజాడలు రెండు పడెను. కుడిదానికి గొంచెము వంకర యుండెను. మబ్బు తొలగి యెండ వచ్చి వాని నాఱబెట్టుటకు బూనుకొనెను. మొదటిది ఆఱకమునుపే యైదవది పడెను.