చెమ్మ పట్టిన గాజు

మూసలు కడగడం నా పని. వెయ్యి డిగ్రీల కొలిమిలో గాజు కరిగించి పోశాక అడుగున అంటుకున్నదంతా గోకాలి. "నీ చెయ్యి పడితేనే మెరుస్తాయి," అంటారు మా ఆయన. ప్రయోగశాలకు అధిపతి ఆయనే, ఇంటికీ ఆయనే. "మొగుడి దగ్గరే ఉద్యోగం, ఇంకేం కావాలే నీకు?" అంటుంది అత్తగారు. కావలసింది పరిశోధన వ్యాసం మీద నా పేరు. ఆరేళ్లుగా గాజు చేసేది నేను, కొలిచేది నేను, చివర్న "సహకరించినవారికి కృతజ్ఞతలు" అన్న వరసలో మిగిలేదీ నేనే.

మేం చేసేది లిథియం ఫాస్ఫేట్ గాజు. అందులో లిథియం అయాన్లు ఎంత చురుగ్గా కదిలితే బ్యాటరీకి అంత మంచిది. కానీ దానికి గాలి తగలకూడదు, ఉప్పులా చెమ్మ పీల్చేస్తుంది. ఆ సాయంత్రం గాజుబిళ్లలు నున్నగా అరగదీస్తుంటే ఆయన వచ్చి, "మావాళ్లొస్తున్నారు, నువ్వెళ్లి వంట చూడు. ఇవి నేను గాలి చొరని పొడిపెట్టెలో పెడతాలే," అన్నారు. పెట్టలేదు. తెల్లారేదాకా బల్ల మీదే ఉన్నాయి. నేను వెళ్లేసరికి ఆయనే కొలిచేసి గంతులేస్తున్నారు, వాహకత, అంటే ఆ అయాన్ల కదలిక, పదింతలు పెరిగిందట!

నేనొక ముక్కను వేడి చేస్తూ తూచాను. నూరు డిగ్రీలు దాటగానే బరువు తగ్గిపోయింది. పోయినవి నీళ్లు. ఆ పదింతలూ నీళ్ల గొప్పే. గ్రాఫ్ తెచ్చి చూపించాను.

"నిన్నెవరడిగారు ఇది? తీసి అవతల పడెయ్." అంతలోనే గొంతు మెత్తబడింది. "ఈసారి మొదటి పేరు నీదే పెడతాలే. పత్రికవాళ్లతో ఉత్తరాలు కూడా నువ్వే చూసుకో. సంతోషమేనా?"

సంతోషమే వేసింది. తలుచుకుంటే నా మీద నాకే రోత. గ్రాఫ్‌ని సొరుగులో తోసేసి, కూనిరాగం తీస్తూ కూరలు తరిగాను.

వ్యాసం పంపిన మర్నాడు కాఫీ తీసుకెళ్తే ఫోన్లో స్నేహితుడితో అంటున్నారు: "రేపెవడైనా మాకా విలువ రాలేదంటే ఏముంది? కొలిచింది ఆవిడంటాను. ఇంటిపని హడావుడిలో పొరబడిందంటే ఎవడైనా నమ్ముతాడు." నన్ను చూశారు. కప్పు కోసం చెయ్యి చాచారు గానీ మాట ఆపలేదు.

పత్రిక సంపాదకుడికి ఉత్తరం రాశాను.

"మా వ్యాసం వెనక్కి తీసుకుంటున్నాను. గాజుకు చెమ్మ పట్టింది, బరువు గ్రాఫ్ జతచేస్తున్నాను. బిళ్లల్ని బల్ల మీద వదిలేసిందీ, కొలిచిందీ మా ప్రయోగశాల అధిపతి. ఆ సాయంత్రం ఆయన నన్ను వంటకు పంపించారు."