ఎడమ చక్రం గోడు

నేను ఒక లారీ బేరింగును. వెనక ఎడమ చక్రంలో కూర్చుని, నాపరాళ్ల లోడు మోస్తూ చక్రాన్ని తిప్పడం నా ఉద్యోగం. పుట్టినప్పుడు అద్దంలా మెరిసేవాణ్ణి. నూనె కాగితంలో పసిబిడ్డలా చుట్టి పంపారు. ఆ కాగితం విప్పింది జమ్మలమడుగు మెకానిక్ చాంద్ బాషా. అప్పటిదాకా మిరపకాయ బజ్జీలు తిన్న చేతిని ప్యాంటుకు రాసుకుని, ఇసుక కలిసిన గ్రీజు నాకు పూసి, సుత్తితో బాది లోపలికి దిగగొట్టాడు. మీ మనుషులంటే నాకు ఆనాడే అసహ్యం పుట్టింది.

కొన్నాళ్లకే లోపల గరుకెక్కి మూలగసాగాను. బండి కుడికి తిరిగితే లోడంతా నా మీదికి ఒరిగేది, అప్పుడు ఇంకా గట్టిగా అరిచేవాణ్ణి. నేను విరిగితే చక్రం ఊడుతుంది. ఘాట్ రోడ్డులో చక్రం ఊడితే డ్రైవరు దస్తగిరి లోయలో ఉంటాడు. ఆ సంగతి చెప్పడానికి నాకున్న గొంతు అదొక్కటే.

ఓనరు ఓబులేసు విన్నాడు. "బండికి దిష్టి తగిలినట్టుందప్పా," అని చక్రం ముందే గుమ్మడికాయ కొట్టించాడు. ఆ గుజ్జు, కుంకుమ నీళ్లు చక్రమంతా చింది, కుళ్లి, కంపు కొట్టాయి. ఛీ, తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది.

మూలుగు ఆగకపోయేసరికి షెడ్డుకు తెచ్చారు.

"యా పక్కప్పా శబ్దం?" అన్నాడు బాషా.

"కుడిపక్కేన్నా. కిటికీలోంచి బాగా ఇనపడ్తాది," అన్నాడు దస్తగిరి.

డ్రైవరు కూర్చునేది కుడివైపు. ఆ ఘాట్‌లో కొండ ఉన్నదీ కుడివైపే. నా అరుపు ఆ రాతికి కొట్టుకుని అతని చెవిలో పడేది. ఆ మాత్రం ఆలోచన ఎవరికీ తట్టలేదు. కుడి చక్రాన్ని జాకీ మీద లేపి, పైనా కిందా పట్టుకుని ఊపారు. రవ్వంత కదిలింది. బాగున్న చక్రానికైనా అంత కదలిక ఉండాల్సిందే.

"సూసినారా, ఎట్ల ఊగుతాందో!" అని బాషా నిక్షేపంలాంటి నా జోడీదారుణ్ణి పీకి చెత్తలో పారేశాడు. వాడి చోట కొత్తవాణ్ణి బిగించాడు, అదే సుత్తితో, అదే గ్రీజుతో. ఎడమవైపు నన్ను ఎవరూ ఊపి చూడలేదు.

తర్వాతి ట్రిప్పులో, ఘాట్ మధ్యలో నా గ్రీజు మాడి పొగలొచ్చాయి. టీకొట్టు దగ్గర దిగిన దస్తగిరి టైర్లు తడుతూ ఎడమ చక్రం మీద చెయ్యేశాడు. అరచెయ్యి బొబ్బలెక్కింది. చక్రం విప్పితే నా లోపలి ఇనప గుండ్లన్నీ రోడ్డు మీద రాలాయి, రింగు మాత్రం మిగిలింది. ఇంకో మలుపు తిరిగి ఉంటే అతను మిగిలేవాడు కాదు.

కబురందుకుని వచ్చిన ఓబులేసు నాకు దండం పెట్టాడు. "మావాని పానం కాపాడినాది, దీన్ని పారెయ్యాకండి!" అన్నాడు. నా స్థానంలో కొత్తదాన్ని వేయించి, నన్ను నల్లతాడుకు గుచ్చి, నిమ్మకాయ, ఎండుమిరపకాయలతో కలిపి ముందు అద్దానికి వేలాడదీశాడు. మాట వినరు గానీ మొక్కడానికి మాత్రం ముందుంటారు!

ఈమధ్య కుడి చక్రం మూలుగుతోంది. ఎడమ మలుపుల్లో మరీ గట్టిగా అరుస్తోంది. ఇవాళ దస్తగిరికీ వినబడింది. బండి నెమ్మది చేసి, కాసేపు చెవి రిక్కించి, నా వంక చూశాడు.

"ముందర నువ్వుండావు గదా, ఇంగేం బయం!" అని నవ్వి, గేరు మార్చి ఘాట్ దిగడం మొదలుపెట్టాడు.