రెండో భాగంలో అమ్మకు కాళ్ళు లేవు

ప్రమోద ఆ వీడియో పెట్టిన మూడో రోజుకు రెండు లక్షల మంది చూశారు. అందులో సగం మంది తిట్టడానికే వచ్చారు. రుద్రతేజ సినిమాని వేరే హీరో అభిమాని ఎవడైనా తిడితే అది మామూలే, ఎవరూ పట్టించుకోరు. ఇక్కడ తిట్టింది సొంత మనిషి. పదకొండేళ్ళకే అభిమాన సంఘం కార్డు మెడలో వేసుకుని ధర్మవరం వీధుల్లో తిరిగిన పిల్ల, రుద్రతేజ అన్న పుట్టినరోజుకు ఏటా పెనుకొండ గుట్టెక్కి కొబ్బరికాయ కొట్టి వచ్చే పిల్ల. అలాంటిది ఇరవై నాలుగేళ్ళు వచ్చాక కెమెరా ముందు కూర్చుని, "ఉగ్రకంకణం రెండో భాగంలో అమ్మకు కాళ్ళు లేవు" అని కుండబద్దలు కొట్టినట్టు చెప్పేసింది.

మగ్గం ఉన్న ఇళ్ళలో ఆ మాట ఎవరికీ విడమరచక్కర్లేదు. మిగిలినవాళ్ళ కోసం చెప్పాలి. మొదటి భాగంలో హీరో తల్లి పట్టుచీరలు నేసే మనిషి. మగ్గం గుంట అంచున కూర్చుని, రెండు కాళ్ళూ గుంటలోకి దించి, అడుగునున్న చెక్కలు తొక్కుతూ నేస్తుంది. కెమెరా ఆ గుంటలోకి దిగి ఆమె పగిలిన మడమలు చూపించింది. ఆ ఒక్క షాట్ కోసం ప్రమోద సినిమాని పదిహేడుసార్లు చూసింది. రెండో భాగానికి డబ్బులు ఎక్కువయ్యాయో, బుర్ర తక్కువైందో గానీ, అదే తల్లి నున్నటి చెక్కపీట మీద బాసింపట్టు వేసుకుని, గాజులు గలగలలాడిస్తూ, అడ్డపోగు లాక్కెళ్ళే నాడె విసురుతుంది. కింద చెక్క తొక్కకపోతే పైన దారాలు విడిపోవు. దారాలు విడిపోకపోతే నాడె దూరే సందే ఉండదు. పొయ్యి వెలిగించకుండా అన్నం వండినట్టుందని ప్రమోద ఆ వీడియోలో తొమ్మిది నిమిషాలు దులిపేసింది.

ఆమె చానెల్ పేరు "మగ్గం కాడ". పగలు నేస్తూ మాట్లాడుతుంది, సాయంత్రం ఆడుతూ మాట్లాడుతుంది. మూతపడిన ఇంటర్నెట్ సెంటర్ నుంచి కొన్న పాత కంప్యూటర్‌లో కొత్త గేములన్నీ నత్తనడక నడుస్తాయి, అయినా వదలదు. సినిమాకైనా గేముకైనా ఆమె అడిగేది ఒకటే. తీసినవాడు చూసి తీశాడా, చూడకుండా తీశాడా? వందల కోట్లు పోసి చేసిన విదేశీ కత్తియుద్ధాల గేమును పది నిమిషాల్లో ఉతికి ఆరేసింది. "వీరుడంట! ఆ గుట్టెక్కు, ఈ మూలిక పీకు, ఆ ముసలాయనకు ఇచ్చిరా. నలభై గంటలు ఇదే పని. కూలి కూడా ఇయ్యరే!" బస్సు నడిపే గేము ఇంకోటి వచ్చింది. అన్నీ రాయలసీమ రోడ్లేనని గొప్పగా చెప్పుకున్నారు. "బస్టాండులో బస్సు ఆగితే కిటికీలోంచి టవలేసి సీటు పట్టే మనిషి ఒగడు లేడు. ఇదేం రాయలసీమప్పా?" అని దాని పరువూ తీసింది.

ఈ ఏడాది ఆమె నెత్తిన పెట్టుకున్నది ఒక్కటే, ఎవరో ముగ్గురు కుర్రాళ్ళు చేసిన "దుమ్ము మంద" అనే గొర్రెల గేము. కరువులో మందను నీళ్ళ దగ్గరికి తోలుకుపోవాలి, అంతకంటే ఏమీ లేదు. అవ్వ తిప్పమ్మ పక్కన కూర్చుని చూసింది. తిప్పమ్మ పుట్టింది నంబులపూలకుంట వైపు, పెళ్ళయ్యేదాకా గొర్రెలు కాసిన మనిషి. తెరలోకి తొంగి చూసి, "ఆ మూడోది కుంటుతాండాది చూడే. గిట్టలో చీము పట్టిండాది. దాన్ని తడిలోకి తోలాకు" అంది. ప్రమోద తోలలేదు, గొర్రె బతికింది. ఆ వీడియో చూసిన జనం గేమును వదిలేసి అవ్వకే అభిమానులయ్యారు.

సరే, తిట్లు తిట్లుగానే పోయి ఉంటే బాగుండేది. గురువారం పొద్దున ధనుంజయ ఇంటికొచ్చాడు.

ధనుంజయ రుద్రతేజ అభిమాన సంఘానికి మూడు ఊళ్ళ అధ్యక్షుడు. ప్రమోదకు మొదటి కార్డు ఇచ్చింది ఆయనే. అంతటితో అయితే పరవాలేదు. ఇంట్లో ఉన్న రెండు మగ్గాలకు, అంటే నాయన శ్రీరాములు మగ్గానికీ ప్రమోద మగ్గానికీ, పట్టు ఇచ్చి చీరలు నేయించుకునే సావుకారు కూడా ఆయనే. పట్టు ఆయనది, చేతులు వీళ్ళవి.

"ఏం పాపా, అన్న నీకేం తక్కువ చేసినాడు?" అన్నాడు గడపలోనే.

"అన్న ఏం చేసినాడు? డైరెక్టరు చేసినాడు. అన్న ఫైట్లు బాగుండాయని అదే వీడియోలో చెప్పినా గదన్నా. అది ఎవరూ వినల్లేదా?"

"వినల్లేదు. ఆదివారం హిందూపురం థియేటర్లో సినిమా ఇరవై ఐదో రోజు పండగ. హైదరాబాదు నుంచి అన్న మనుషులు వస్తాండారు. ఆ పిల్ల మీ సంఘమే అంట గదా, నువ్వేం చేస్తాండావని నన్నడిగినారు. నా మొహం యాడ పెట్టుకోవల్ల?" జేబులోంచి మడిచిన కాగితం తీసి ఆమె చేతిలో పెట్టాడు. "ఇంటర్వెల్‌లో మైకిస్తా. ఇది చదువు. వీడియో తీసేయ్. అంతే."

"తీయకపోతే?"

ధనుంజయ మగ్గాల మీద సగం నేసిన చీరల వైపు చూసి శ్రీరాములుతో అన్నాడు. "అన్నా, ఈ రెండు చీరలూ అయినంక మళ్ళీ పట్టు ఇయ్యల్నా వద్దా, మీరే చెప్పండి."

ఆయన వెళ్ళిపోయాక శ్రీరాములు కాళ్ళు గుంటలోంచి పైకి లాక్కుని, మోకాళ్ళు రుద్దుకుంటూ కూర్చున్నాడు.

"ఒక మాట చదివితే ఏం పోతాది పాపా? ఇంగో సావుకారి ఇంటి మెట్లెక్కి అడిగే శక్తి ఈ మోకాళ్ళకు లేదు."

"తప్పు మాట్లాడింటే చదువుతా నాయనా. నేను చెప్పింది తప్పా?"

"నేను చూసినానా ఆ సినిమా? సినిమా అన్నంక ఏందో ఒగటి ఉంటాది."

"చూసింది చూసినట్ల చెప్పిండాది బిడ్డ. దానికి దండాలు పెట్టల్లంట!" అంది అవ్వ మూలనుంచి.

"నువ్వూరకుండుమా" అన్నాడు శ్రీరాములు.

ప్రమోదకు ఒళ్ళు మండిపోయింది. ఆ సావుకారి మీద మండింది, ఆ చెక్కపీట మీద మండింది, ముందుకుపోనీయకుండా అడ్డం పడుతున్న నాయన వాచిన మోకాళ్ళ మీద మాత్రం మండలేక ఏడుపొచ్చింది. "సరేలే, చదువుతా" అని మగ్గమెక్కింది.

ఆదివారం ధనుంజయ కారులోనే ముగ్గురూ బయల్దేరారు. పెద్దాయన పక్కనుంటే పిల్ల ఒద్దికగా ఉంటుందని శ్రీరాములును కూడా రమ్మన్నాడు ధనుంజయ. పెనుకొండలో టీకి ఆగినప్పుడు, కాగితం ఒకసారి చదివి వినిపించమన్నాడు.

"నేను తెలిసీ తెలియక మాట్లాడిన మాటలకు..." ప్రమోద అక్కడే ఆగిపోయింది.

"ఏమైంది?"

"తెలియక అని రాసినారు. దాంట్లో నాకు తెలియంది ఏముందన్నా? పదేళ్ళ నుంచి ఆ గుంటలోనే ఉండా."

"అబ్బా, రాసినట్ల చదువమ్మా తల్లీ. అర్థాలు ఎవరు చూస్తారు?"

"నీకు నచ్చిందా సినిమా? నా మీద ఒట్టేసి చెప్పు."

ధనుంజయ అటూ ఇటూ చూశాడు. టీ గ్లాసు నోటికి అడ్డం పెట్టుకుని, "సెకండాఫ్ కొంచెం సాగదీసినాడు" అని, వెంటనే నాలుక కరుచుకున్నాడు. "యాడా అనాకు."

"అంటే నువ్వు గొంతులో అంటావు, నేను గట్టిగా అంటా. అంతే గదా తేడా?"

ఆయనకు నవ్వొచ్చింది, కోపమూ వచ్చింది. చివరికి కోపమే గెలిచింది. "అంతే తేడా. ఆ తేడా ఖరీదే రెండు మగ్గాలు" అన్నాడు.

హిందూపురం థియేటరు ముందు క్రేన్‌తో కటౌట్‌కు దండ వేస్తున్నారు. డప్పులు చెవులు చిల్లులు పడేలా మోగుతున్నాయి. ప్రమోదను గుర్తుపట్టిన కుర్రాళ్ళు తెలుగులో ఒకటి, కన్నడంలో ఒకటి తిట్టారు. "కాళ్ళు లేనామె వచ్చినాదిరా!" అని ఒకడు అరిచాడు.

"నాకుండాయి కాళ్ళు. నడిచొస్తాండా, కనపడలేదా?" అని అడిగి మరీ లోపలికి నడిచింది.

శ్రీరాములు థియేటరుకు వచ్చి ఏళ్ళయింది. సీట్ల మధ్య మోకాళ్ళు ముడుచుకోవు. అందుకని దారి పక్క సీటులో కాళ్ళు బయటికి చాపుకుని కూర్చున్నాడు. సినిమా మొదలైంది. కాగితం ప్రమోద గుప్పిట్లో చెమటకు తడిసిపోతోంది. చదువుతానని నాయనకు మాటిచ్చింది కదా. ఎప్పుడూ పండగలా ఉండే హాలు ఆరోజు పరీక్ష రాసే గదిలా అనిపించింది.

ఇంటర్వెల్‌కు ముందు ఆ సీన్ వచ్చింది. కొడుకు జైల్లో ఉంటే, తల్లి వాడి పెళ్ళికని చీర నేస్తూ పాడుతుంది. వయొలిన్లు మోగుతున్నాయి. ఆడవాళ్ళు కొంగులతో కళ్ళొత్తుకుంటున్నారు. హాలంతా నిశ్శబ్దంగా ఉంది. శ్రీరాములు ముందుకు వంగాడు. నలభై ఏళ్ళు మగ్గాల చప్పుడులో బతికిన ఆయనకు చెవులు సగమే పనిచేస్తాయి, అందుకని ఏ మాటైనా గట్టిగానే అంటాడు.

"పాపా! ఆయమ్మ కాళ్ళు యాడ?"

హాలు మొత్తానికి వినిపించింది. ఎవడో "ష్" అన్నాడు. అది శ్రీరాములుకు వినపడితే కదా! "కాళ్ళు ఆడించకుండా ఎట్ల నేస్తాండాది? చీర ఎట్లొస్తాండాది?"

వెనక వరసల్లో ధర్మవరం నేతగాళ్ళు కొందరున్నారు. వాళ్ళలో ఒకడు పక్కున నవ్వాడు. "అవునప్పా, యాడ?" అన్నాడు ఇంకొకడు. నవ్వు ఒక వరస నుంచి ఇంకో వరసకు పాకింది. కన్నీళ్ళు పెట్టుకోవాల్సిన చోట సగం హాలు కడుపు పట్టుకుని నవ్వుతోంది. ముందు వరసలో హైదరాబాదు మనుషులు వెనక్కి తిరిగి చూశారు.

శ్రీరాములు మాత్రం నవ్వలేదు. రెండు చేతులూ మోకాళ్ళ మీద వేసుకుని తెర వైపే చూస్తున్నాడు. "మనం పడేదంతా కాళ్ళ కాడే గదా పాపా. అదే తీసేసినారు" అన్నాడు. ఈసారి మెల్లగానే అన్నాడు.

ఇంతలో లైట్లు వెలిగాయి, ధనుంజయ మైకులో ప్రమోద పేరు పిలిచాడు. ఆమె లేచి, తెర ముందున్న అరుగెక్కి, నాయన వైపు చూసింది. చదువు అని గానీ వద్దు అని గానీ ఆయన సైగ చేయలేదు. తల మాత్రం దించుకోలేదు. అంతే చాలనిపించింది ఆమెకు.

"నాకొక కాగితం ఇచ్చినారు. తెలియక మాట్లాడినానని దీంట్లో రాసిండారు. నేను తెలిసే మాట్లాడినా. అన్నంటే నాకు ప్రాణం. మొదటి భాగంలో మా కాళ్ళు చూసి సినిమా తీసినారని ఊరంతా చెప్పుకుని తిరిగినా. రెండో భాగం చూడకుండా తీసినారు. ఇంటి మనిషిని కాబట్టి చెప్తాండా, పరాయిదాన్నయితే నాకెందుకు? ఆ వీడియో నేను తీసేయను."

మైకు ఆపేశారు. ఆమె గొంతుకు మైకు అవసరం ఎప్పుడుంది గనక! "మూడో భాగం తీసేముందు ధర్మవరం రాండి! మా ఇంట్లో కూర్చోని చూడండి! అన్నం మేమే పెడతాం!"

సగం హాలు ఈలలేసింది, సగం హాలు దిగు దిగు అని కేకలేసింది. నీళ్ళ ప్యాకెట్ ఒకటి వచ్చి భుజానికి తగిలింది. ప్రమోద తుడుచుకుంటూ దిగొచ్చి నాయన పక్కన కూర్చుంది. మనసులో ఇసుమంత పశ్చాత్తాపం లేదు.

ధనుంజయ మొహం కందగడ్డలా చేసుకుని వచ్చి వాళ్ళ సీట్ల ముందు నిలబడ్డాడు. "నా పరువు గంగలో కలిపినారు తండ్రీకూతుళ్ళు. రేపే మనుషుల్ని పంపిస్తా. మగ్గాల మీదుండే పట్టంతా విప్పుకొని వస్తారు."

"ఎవరినీ పంపాకు ధనుంజయా" అన్నాడు శ్రీరాములు. "చీరలు సగముండాయి. సగం చీర విప్పేది పాపం. ఒగ పోగు తప్పకుండా నేసి, మడతపెట్టి నేనే తెచ్చిస్తా. ఆ తర్వాత నీ పట్టు నీది. ఇంగో సావుకారిని అడుగుతా."

"ఎవరిస్తారు నీకు? ఆ మోకాళ్ళతో ఎన్ని గడపలు ఎక్కుతావు?"

"ఎన్నయితే అన్ని. నా బిడ్డ పట్టుకుంటాది."

ప్రమోద ఆయన చేయి పట్టుకుంది. లైట్లు ఆరిపోయాయి. సెకండాఫ్ మొదలైంది, జైలు గోడ బద్దలైంది, హాలంతా లేచి అరుస్తోంది. ధనుంజయ మాత్రం ఇంకా అక్కడే నిలబడి ఉన్నాడు. ఈ ఇద్దరూ తలలు దించుకుని ఎప్పుడు లేచిపోతారా అని చూస్తున్నాడు.

ప్రమోద మెడ అటూ ఇటూ సాచి చూసింది. లాభం లేకపోయింది.

"పక్కకు జరుగన్నా" అంది. "అన్న కనపడల్లేదు."