బోర్లా తిప్పిన సైకిలు

మామూలు సైకిలుకి చిన్న ఇంజను బిగించి, పాతకాలపు గొలుసూ పళ్ళచక్రాలూ తొడిగి ఇచ్చే కొట్టు ఆ వీధి మొత్తానికి ఒక్కటే. కొట్టాయన అసలు పేరు ఎవరికీ గుర్తులేదు. అందరికీ ఆయన గొలుసు బావే. రోజంతా కొట్లో బావమరిది "బావా, బావా" అని పిలవడం వినీ వినీ వీధిలోని ముసలివాళ్ళు కూడా ఆ వరసే ఖాయం చేసుకున్నారు. ఇప్పుడు ఆ పిలుపు నేర్పినవాడే కొట్లో లేడు. తరిమేసింది గొలుసు బావే.

కారణం రొట్టెల కొట్టాయన మోచెయ్యి. ఇంటింటికీ రొట్టెలు చేరవెయ్యడానికి ఆయనా, ఆయన భార్యా జంటగా రెండు సైకిళ్ళు చేయించుకున్నారు. పన్ను విడిచి పన్ను ఉండే పాత రకం పళ్ళచక్రమే కావాలని పట్టుబట్టి, "అచ్చం మా తాత నోరే" అని మురిసిపోయారు కూడా. ఆ మురిపెం తీరకముందే వీధి మలుపులో ఆయన సైకిలు గొలుసు ఊడి వెనక చక్రానికి చుట్టుకుంది. మనిషి ఎగిరి పడ్డాడు, మోచెయ్యి విరిగింది. రొట్టెలు కాలవపాలయ్యాయి.

జనం మూగారు. గొలుసు బావ వచ్చి, వంగి చూసి, అక్కడికక్కడే తీర్పు చెప్పేశాడు. వెనక పళ్ళచక్రాన్ని చక్రం పుల్లలకి బోల్టులతో బిగించేది బావమరిది. అది వంకరగా కూర్చోబట్టే గొలుసు జారిందన్నాడు.

"పానా పట్టుకోవడం రానివాణ్ణి తెచ్చి నెత్తిన పెట్టుకున్నాను. నా కొట్టు గడప తొక్కావంటే ఊరుకోను!"

ఆయన గొంతు అసలే పెద్దది, ఆపైన చుట్టూ జనం. బావమరిది తల దించుకుని పానా తెచ్చి కొట్లో బల్లమీద పెట్టి వెళ్ళిపోయాడు. ఇప్పుడు గోదాములో మూటలు మోస్తున్నాడు. తమ్ముణ్ణి అంతమందిలో అంత మాట అన్నందుకు గొలుసు బావ భార్య భోజనం వడ్డిస్తోంది కానీ నోరు విప్పడం లేదు. కూర కావాలా అని కూడా అడగదు, గిన్నె ముందుకి తోస్తుంది.

ఆ మధ్యాహ్నం రొట్టెల కొట్టావిడ తన సైకిలు నడిపించుకుంటూ వచ్చింది.

"గొలుసు టకటకమంటోంది అన్నయ్యా. ఎక్కాలంటే భయంగా ఉంది. చూసిపెడుదురూ."

గొలుసు బావ సైకిలుని స్టాండుకెక్కించి చక్రం మెల్లగా తిప్పాడు. గొలుసు రెండు కొసల్నీ కలిపి ఉంచే చిన్న లాకు పైకొచ్చింది. చక్రం ఆపేశాడు. వంగి దగ్గరగా చూశాడు.

ఆ లాకుకి ఒక వైపు మూసి ఉంటుంది, ఒక వైపు నోరు తెరిచి ఉంటుంది. గొలుసు ఎటు పరిగెడుతుందో అటు మూసిన వైపు ఉండాలి. నోరు ముందుకుంటే దేనికో తగిలి ఊడుతుంది. ఈ ముక్క ఆయన చెప్పని రోజు లేదు. కానీ ఇక్కడ నోరు ముందు చక్రం వైపే చూస్తోంది.

ఎవడు చేశాడీ పని అని తిట్టబోయి ఆగిపోయాడు. గొలుసు మీద ఇంకొకరి చెయ్యి పడనిచ్చే మనిషి కాదాయన. బావమరిదిని కూడా.

అప్పుడు గుర్తొచ్చింది. ఆ జంట సైకిళ్ళు చేస్తున్నప్పుడు కొట్లోని ఈ స్టాండు కాలు విరిగి ఉంది. రెండింటినీ సీటు మీద బోర్లా తిప్పి పని కానిచ్చాడు. ఎప్పటిలాగే పైనున్న గొలుసుకి, మూసిన వైపు ముందు చక్రానికేసి ఉండేలా, చూడకుండానే లాకు నొక్కేశాడు. బోర్లా తిప్పిన సైకిలుకి పైన ఉండేది కింది గొలుసు. సైకిలు నడిచేటప్పుడు పై గొలుసు ముందుకి పోతుంది, కిందిది వెనక్కి పోతుంది. చెయ్యి అలవాటు కొద్దీ చేసుకుపోయింది. చేసింది ఒక సైకిలుకి కాదు, రెండింటికీ.

తల కొట్టేసినట్టయింది ఆయనకి.

కటింగ్ ప్లేయర్‌తో లాకు తీసి, తిప్పి పెట్టడం చిటికెలో పని. ఆవిడకి తెలిసే అవకాశమే లేదు. ఆ ఆలోచన వచ్చినందుకు ఇంకా సిగ్గేసింది, అయినా చెయ్యి ప్లేయర్ మీదికే పోయింది.

"మీ బావమరిదిని పంపేసి మంచి పని చేశారన్నయ్యా," అంది ఆవిడ. "మా ఆయన చెయ్యి ఇప్పటికీ పైకి లేవట్లేదు. అన్నం కూడా నేనే కలిపి పెడుతున్నాను."

గొలుసు బావ ప్లేయర్ కింద పెట్టేశాడు.

"వాడు కాదమ్మా. నేను."

"ఏంటి?"

"ఈ లాకు చూడు. తిరగేసి పెట్టాను. మీ ఆయన దానికీ ఇలాగే పెట్టుంటాను. వాడి బోల్టులు బాగానే ఉన్నాయి. నీ చక్రం చూడు, ఎక్కడైనా వంకరుందేమో."

ఆవిడ చక్రాన్ని చూడలేదు, ఆయన్నే చూసింది. తిడితే బాగుండునని ఎదురుచూశాడాయన.

"మరి ఆ అబ్బాయిని నడివీధిలో అన్నేసి మాటలన్నారు కదా?" అంది చివరికి. "సరిచేసి ఉంచండి. మా ఆయనకి మాత్రం ఈ మాట మీరే వచ్చి చెప్పాలి."

ఆవిడ వెళ్ళాక వెనక్కి తిరిగితే, పైన ఇంటికెళ్ళే మేడమెట్ల మీద భార్య నిలబడి ఉంది. అంతా విన్నట్టే ఉంది. ఇన్నాళ్ళ తర్వాత మొగుడితో ఒక్క మాట అంది.

"వెళ్ళండి."

బల్లమీద బావమరిది పెట్టివెళ్ళిన పానా అలాగే ఉంది. దాన్ని జేబులో వేసుకుని ముందు రొట్టెల కొట్టుకి వెళ్ళాడు. కొనడానికి వచ్చినవాళ్ళు వింటుండగానే చెప్పాడు. రొట్టెల కొట్టాయన కట్టుకట్టిన చేతిని చూసుకుని లోపలికి పోయాడు. గొలుసు బావ అక్కణ్ణుంచి గోదాముకి నడిచాడు.

బావమరిది మూట దించి, భుజం దులుపుకుంటూ వచ్చాడు. గొలుసు బావ నేల చూపులు చూస్తూ, విరిగిన స్టాండు దగ్గర్నుంచి అంతా చెప్పాడు. తప్పు నాదేరా అన్నాడు. ఎంత మాటన్నా పడతానన్నాడు.

అతను భుజం దులుపుకోవడం ఆపాడు.

"అయితే నా చక్రం వంకరగా లేదా?"

"లేదురా."

"నేను తప్పు నాదే అనుకున్నాను బావా."

గొలుసు బావ తలెత్తాడు.

"గొలుసు సంగతి నీకు తెలియనిదేముంది? నువ్వన్నావంటే అంతే అనుకున్నాను. పాపం ఆయన చెయ్యి విరగ్గొట్టానే అని ఒకటే బాధ. మొన్న ఇంట్లో తలుపు బోల్టు ఊడితే, మా ఆవిడనే బిగించమన్నాను. ఇంకెవరికైనా ఏదైనా అవుతుందేమోనని నాకు పానా పట్టుకోబుద్ధి కాలేదు."

తిట్లు పడటానికి సిద్ధపడి వచ్చాడు గొలుసు బావ. జేబులోంచి పానా తీసి చాచాడు. బావమరిది చేతులు ప్యాంటుకి తుడుచుకుని, దాన్ని జాగ్రత్తగా అందుకున్నాడు.

"వస్తాను కానీ," అన్నాడు, "నేను బిగించాక ప్రతిదీ ఒకసారి నువ్వు చూస్తావు కదూ?"

గొలుసు బావ తలూపాడు. అతని మొహంలోకి చూడటానికి మాత్రం ఆయనకి మొహం చెల్లలేదు.