ఏ ఒడ్డుకూ కాని కిరాయి

ధరూరు దిగువన కృష్ణ రేవులో లింగయ్యకు మూడు పుట్టిలు ఉండేవి. వెదురు బుట్టకు బర్రె తోలు బిగించి కట్టిన గుండ్రటి పుట్టిలు. పొద్దున్నుంచి జనాన్ని, జొన్న బస్తాలను, అప్పుడప్పుడు మేకలను అటు ఇటు దాటించి, పొద్దు వాలుతుండగా మూడింటినీ ఒడ్డుకు లాగి గుంజలకు కట్టేసేవాడు. కట్టకపోతే పోతాయి. బర్రెలు ఇంటికి మళ్ళే వేళకు ప్రతి పుట్టీ తన తోలు ఏ ఊరి బర్రెదో ఆ ఊరి వైపు తిరుగుతుంది. అది కృష్ణ ఒడ్డున పసిపిల్లలకు కూడా తెలిసిన సంగతే. అందుకే పుట్టి కట్టించుకునేవాళ్ళు తోలు మందం కంటే ముందు బర్రె ఊరు అడిగేవాళ్ళు.

లింగయ్య పుట్టిలలో రెండు ఈ ఒడ్డు బర్రెలవే. మూడోది మాత్రం అవతలి ఒడ్డున ఉన్న ఏటిగడ్డ ఊరిది. బాలనాగమ్మ అనే ఆమె పెంచిన బర్రె, నుదుట తెల్లచుక్క ఉండేది, పేరు సుక్కి. ముసలిదై చచ్చిపోతే ఆ తోలు లింగయ్యకు చేరింది. రోజూ పాలవేళకు అది తాడు తెగేలా అవతలి ఒడ్డుకు గుంజుతుంటే, లింగయ్య దాన్ని తిట్టుకుంటూనే ఇంకో ముడి వేసేవాడు.

ఆ బాలనాగమ్మ కూతురే ఈదమ్మ. ధరూరు దగ్గర హన్మంతు భార్య. హన్మంతు పటాలంలో చేరి నాలుగేళ్ళు లారీ తోలి, అందులో చివరి రెండేళ్ళు ఇటలీ దేశంలో గడిపి, యుద్ధం ముగిసాక ఉగాదికి ఇల్లు చేరాడు. ఒక గొంగడి, ఒక రేకుపెట్టె, వాటితో పాటు ఒక వింత కోరిక తెచ్చుకున్నాడు. ఆ దేశంలో సముద్రం ఒడ్డున జనం మోటారు పడవ కిరాయికి తీసుకుంటారట. ముసలమ్మలు, పిల్లలు, రొట్టెల బుట్టలు అన్నీ ఎక్కించుకుని, పొద్దంతా ఒడ్డు వెంబడి తిరిగి, ఎక్కిన చోటే దిగుతారట.

"ఏం పని మీద?" అని ఊరంతా అడిగింది.

"ఏ పనీ లేదు. ఊకెనే."

ఊరు జాలిపడింది. పాపం, తలకు ఏదో దెబ్బ తగిలి ఉంటుంది అనుకున్నారు.

"తిరిగినందుకు కిరాయి ఇస్తరా?" అని ఈదమ్మ అడిగింది. "కాళ్ళు నొయ్యంగ తిరిగినందుకు మనకే ఎవరన్న ఇయ్యాలె గద!"

"కాళ్ళు నొయ్యవే. కూసోవుడే పని. ఒక దినం నిన్ను గట్ల తిప్పుత, సూడు."

మాట ఇచ్చాడు గానీ మోటారు పడవ ఎక్కడిది? వెతకబోయిన తీగ కాలికి తగిలినట్టు, ఆ వానాకాలం పోగానే నది లోతు కొలవడానికి ఒక గుత్తేదారు రేవుకు మోటారు పడవ తెప్పించాడు. వారం తిరక్కముందే ఇంజను మొండికేసింది. హన్మంతు రెండు రోజులు దాని కింద దూరి, నూనె మరకలతో బయటికొచ్చి, తాడు గుంజి పట్టపట్టమనిపించాడు. ఏం కావాలని గుత్తేదారు మున్షీ అడిగితే, ఒక దినం కిరాయికి పడవ కావాలన్నాడు.

మున్షీ కాగితం తీశాడు. "యాడ నుంచి యాడికి?"

"ఈ రేవు నుంచి ఈ రేవుకే."

"ఏం సామాను?"

"సామాను లేదు సాబ్. నా పెండ్లాం."

"ఏం పని?"

"ఏం లేదు."

మున్షీ కళ్ళజోడు తీసి తుడుచుకుని, హన్మంతును పైనుంచి కిందిదాకా చూసి, పని అన్న చోట 'ఇంజను పరీక్ష' అని రాసుకున్నాడు. సర్కారు మెచ్చే పని ఏదో ఒకటి ఉండాలి కదా.

ఈదమ్మకు సంబరంగానే ఉంది. కానీ సంబరం వచ్చిన ప్రతిసారీ ఆమెకు తల్లి గుర్తొచ్చేది. తల్లీబిడ్డలు మాట్లాడుకుని రెండేళ్ళయింది. అదంతా ఒక ఉత్తరం వల్ల జరిగింది.

ఆ రోజుల్లో చావు కబురు తెచ్చే ఉత్తరాన్ని ఒక మూల చింపి పంపేవాళ్ళు. మూల లేని ఉత్తరాన్ని గడప లోపలికి తేరు. చదవాల్సిన పని కూడా లేదు, చిరిగిన మూలే సంగతంతా చెబుతుంది. హన్మంతు ఇటలీ నుంచి అత్తగారికి రాసిన ఉత్తరం అట్లా మూల లేకుండా వచ్చింది. తానున్న ఊరి పేరు ఆ మూలన రాస్తే పటాలం దొరలు కత్తిరించేశారు. యుద్ధం రోజుల్లో ఊరి పేర్లు రాయకూడదని వాళ్ళ కట్టడి. ఏటిగడ్డలో దొరల కట్టడి ఎవరికి తెలుసు? బాలనాగమ్మ గుండెలు బాదుకుంటూ కట్టుబట్టలతో ఏట్లో మునిగి చావు స్నానం చేసింది. కొడుకు రాములును వెంటబెట్టుకుని, బిడ్డ చేతి గాజులు తియ్యడానికి నది దాటి వచ్చింది.

ఈదమ్మ చేతులు వెనక్కి దాచుకుంది. "నా మొగడు బతికే ఉన్నడు. నువ్వే ఆయన్ను సంపనీకి వచ్చినవ్. మల్ల నీ గడప తొక్క!" అని ఊరంతా వినేలా అరిచింది.

నెల తిరిగేసరికి నాలుగు మూలలూ ఉన్న ఉత్తరం ఈదమ్మకు వచ్చింది. ఆ కబురు ఏటిగడ్డకూ చేరింది. బాలనాగమ్మ సంతోషంతో ఏడ్చింది, ఆ వెంటనే సిగ్గుతో కుంగిపోయింది. బతికున్న అల్లుడి పేరున చావు స్నానం చేసిన మొహం అతనికి ఎట్లా చూపిస్తుంది? అతనికి కీడు కాదా? అందుకని ఆమె రాలేదు. అన్న మాటకు తల కొట్టేసినట్టున్నా, తల్లే ముందు పిలవాలని ఈదమ్మ పోలేదు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు అనే రకం ఇద్దరూ. మధ్యలో నది, అదీ రోజూ జనం దాటే నది.

"ఏటిగడ్డకు పోయొద్దామా?" అని హన్మంతు ఎన్నిసార్లు అడిగినా, "నేను రాను" అన్నదే జవాబు.

దసరా దాటిన పదో రోజు పొద్దున్నే బయలుదేరారు. నది నిండుగా, తేటగా ఉంది. లింగయ్య తన పుట్టి ఒకటి పడవ వెనక తాడుతో కట్టి, సద్ది మూటలతో సహా తానూ అందులో కూర్చున్నాడు.

"నువ్వెందుకు మామా?" అన్నాడు హన్మంతు.

"నీ మోటరుకు రాయి తగిలితె నిన్నెవడు ఏరుకొస్తడు?"

ఈదమ్మ పుట్టిని చూసి మొహం చిట్లించింది. "గిది సుక్కి పుట్టి గద మామా. పొద్దుగూకితె ఆ దిక్కు గుంజుతది."

"తక్కిన రెంటికి చిల్లులు పడ్డయి బిడ్డా. ఏం జేస్త?" అన్నాడు లింగయ్య, ఎటో చూస్తూ.

మొదట ఈదమ్మ చెక్కను రెండు చేతులా పట్టుకుని కళ్ళు మూసుకుంది. కాసేపటికి ఒక కన్ను తెరిచింది. జాము పొద్దెక్కేసరికి నీళ్ళలో వేళ్ళు పెట్టింది. రాళ్ళగుట్టల మీద కొంగలు, గడ్డి మేసే ఆవులు, బట్టలుతుకుతూ నోళ్ళు తెరిచి చూసే ఆడవాళ్ళు అన్నీ నెమ్మదిగా వెనక్కి పోతున్నాయి. నదిలోని ఒక లంక దగ్గర ఆగి జొన్నరొట్టె, పల్లి పచ్చడి తిన్నారు. సీతాఫలాలు తిని గింజలు నీళ్ళలోకి ఉమ్ముతూ ఎవరిది దూరం పడుతుందో చూసుకున్నారు. లింగయ్యే గెలిచాడు.

"నువ్వు చూసిన సముద్రం గిట్లనే ఉంటదా?" అంది ఈదమ్మ.

"ఇంక నీలంగ ఉంటది. కాని ఉప్పగ ఉంటది, తాగరాదు."

"గన్ని నీళ్ళుండి తాగరాకపోతె ఏం లాభం? మన కృష్ణే నయం."

హన్మంతుకు ఆ మాటతో కడుపు నిండిపోయింది. ఆమె ఇంత నవ్వడం అతను పెళ్ళైన కొత్తలో చూశాడు, మళ్ళీ ఇవాళే. పని లేని రోజుకు గంటలు ఉండవు కాబట్టి ముగ్గురూ పొద్దు సంగతే మరిచిపోయారు.

తిరిగొస్తుండగా నడి ఏట్లో పడవ ఆగిపోయింది. ఇంజను మాత్రం పట్టపట్టమంటూనే ఉంది. హన్మంతు వెనక్కి చూస్తే తాడు వీణ తీగలా బిగుసుకుని ఉంది. పుట్టి ఏటిగడ్డ వైపు తిరిగి నిలబడింది. పాలవేళ అయింది.

హన్మంతు ఇంజను జోరు పెంచాడు. నురుగు లేచింది, పొగ లేచింది. పడవ ఒక జానెడు ముందుకు పోయి రెండు జానలు వెనక్కి వచ్చింది. సీమ ఇంజను ఒకవైపు, ఏటిగడ్డ బర్రె ఒకవైపు. బర్రె పట్టుదల ముందు ఇంజను ఎంత?

లింగయ్య నడుముకున్న కొడవలి తీసి ఈదమ్మకు అందించాడు. "తాడు కొయ్యి బిడ్డా. నేను పుట్టితోటి ఆడికి పోత. మీరు మీ రేవుకు పోవచ్చు."

ఈదమ్మ కొడవలిని తాడు మీద ఆనించింది. సరిగ్గా అప్పుడే అవతలి ఒడ్డు నుంచి సన్నగా ఒక పిలుపు వినిపించింది.

"సుక్కీ... దా... దా సుక్కీ..."

బర్రె పోయి ఏడాదైనా బాలనాగమ్మకు పాలవేళకు ఒడ్డుకొచ్చి పిలిచే అలవాటు పోలేదు. ఈదమ్మ చిన్నప్పుడు ఆ పిలుపు వినగానే ఆటలాపి చెంబు పట్టుకుని పరిగెత్తేది. రెండేళ్ళుగా వినని గొంతు అది. ముసలిదైపోయింది, కొంచెం వణుకుతోంది. సుక్కికి ఇంకా పిలుపు ఉంది, నాకే లేదు అనుకుని ఈదమ్మకు ఒక్కసారిగా ఏడుపొచ్చింది. పిలుపు రావాలని కూర్చున్నది తానే కదా, మరి బర్రెపాటి బుద్ధి తనకు లేకపోయిందేమని తన మీద తనకే కోపం వచ్చింది.

కొడవలి లింగయ్యకు తిరిగి ఇచ్చేసింది. "ఇంజను బంద్ జెయ్యి" అంది మొగుడితో.

ఇంజను ఆగింది. పుట్టి ముందు, మోటారు పడవ వెనక, నీళ్ళ చప్పుడు తప్ప మరే చప్పుడూ లేకుండా ఏటిగడ్డ చేరాయి.

ఒడ్డున బాలనాగమ్మ చెంబు పట్టుకుని నిలబడి ఉంది. ముందు పుట్టిని చూసింది, తరవాత కూతుర్ని, ఆ వెనక అల్లుడిని. గబుక్కున కొంగు మొహాన కప్పుకుంది.

"నా మొకం సూడకు నాయనా! బతికున్న నీకు తానం జేసిన పాపిని."

"నేను సచ్చిన ముచ్చట నాకెవరూ జెప్పలే అత్తమ్మా" అన్నాడు హన్మంతు. "నా ఉత్తరంల ఏం రాసిన్నో సదివిచ్చినవా?"

చదివించలేదు. మూల లేని ఉత్తరం ఎవరు చదువుతారు? చింపడానికి చేతులు రాక, కొట్టం చూరులో దోపి పెట్టింది. రాములు ఉరికి తెచ్చాడు. హన్మంతు మట్టి దులిపి చదివాడు.

"అత్తమ్మకు దండాలు. నేను మంచిగున్న. ఈడ జనం పడవ కిరాయికి తీస్కొని ఊకెనే తిరుగుతరు. నేనొచ్చినంక మన కృష్ణల ఈదమ్మను గట్ల తిప్పుదామని ఉన్నది. దానికి నీళ్ళంటె భయం. నువ్వు పక్కన కూసుంటె భయపడదు. నువ్వు తప్పక రావాలె."

బాలనాగమ్మ మొహం మీది కొంగు నెమ్మదిగా జారింది. ఈదమ్మ నీళ్ళలోకి దిగి వచ్చి తల్లి రెండు చేతులూ పట్టుకుంది. గాజులు గలగలమన్నాయి.

"అవ్వా, పొద్దుగాల మస్తు భయమైంది" అంది. "నువ్వు లేకుంటివి."

తల్లి చెంబు రాములు చేతికిచ్చి, చీర కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుని, మోటారు పడవను ఒకసారి అనుమానంగా చూసి, పోయి సుక్కి పుట్టిలో కూర్చుంది. ఈదమ్మ ఆమె పక్కన ఒదిగింది. తోలు మీద బాలనాగమ్మ అరచేయి వేసి రాసింది. పాలవేళకు ఏ తాడుకూ ఆగని పుట్టి, ఆ చేయి తగలగానే ఒడ్డు వదిలి దానంతటదే నీళ్ళలోకి జరిగింది.

లింగయ్య తెడ్డు అందుకున్నాడు. "ఏ ఒడ్డుకు వదినా?"

"ఏ ఒడ్డుకు లేదంట గద" అంది బాలనాగమ్మ కళ్ళు తుడుచుకుంటూ. "ఊకెనే తిప్పు."