పటా మీద ముసుగులు

మా చౌక్ మధ్యలో ఉన్న పటాని అమ్మేద్దామని మా మగాళ్ళు నిర్ణయించింది ఆ పటా మీదే కూర్చుని. అదీ వీళ్ళ తెలివి!

పటా అంటే నాలుగు మంచాలు కలిపినంత చెక్క బల్ల. మా తాతల నాటిది. బికనేర్ పాతబస్తీలో పటా లేని చౌక్ ఉండదు, పొద్దుగూకాక పటా ఎక్కని మగాడూ ఉండడు. పెళ్ళి సంబంధాలు, అన్నదమ్ముల తగాదాలు, ఢిల్లీలో ఎవరు గెలుస్తారు, ఎవరి కచోరీలో ఉప్పెక్కువైంది, అన్నీ అక్కడే తేలాలి. ఒక్కటీ తేలదు, అది వేరే సంగతి.

నా కిటికీ దానికి ఎదురుగానే. పదిహేనేళ్ళ పిల్లగా కాపురానికొచ్చిన దగ్గర్నుంచీ ఆ కిటికీ రెక్క వెనక కూర్చుని అప్పడాలు వత్తుతూ వాళ్ళ మాటలు వింటున్నాను. నేను బడికి పోలేదు. ఈ ఊరి గురించి నాకు తెలిసిందంతా ఆ బల్ల మీద విన్నదే. దర్బారులో చిన్నాన్నతో గుసగుసలాడుతున్న కొడుకుని చూసి ఒక రాజు "ఏంటి, కొత్త రాజ్యమేమన్నా గెలవబోతున్నారా?" అని వెక్కిరించాడట. ఆ ఒక్క మాటకి రోషం తెచ్చుకుని ఆ కొడుకు ఈ ఇసుకలోకొచ్చి ఊరు కట్టాడట. ఒక షావుకారు గుడి పునాదిలో నీళ్ళకి బదులు నెయ్యి పోయించాడట, ఎండాకాలంలో అక్కడి నేల ఇప్పటికీ జిడ్డోడుతుందట. రోషం, మొండితనం, డాబు. ఇదీ మా ఊరు.

మా ఆయన పోయాక ఇంట్లో నన్ను పలకరించే మనిషి లేదు. మా బావగారు నథ్‌మల్ మేడ మీదే ఉంటారు. కానీ తమ్ముడి పెళ్ళాంతో అన్నగారు మాట్లాడకూడదు, ఆవిడ ముఖం చూడకూడదు. నా చేతి రొట్టె మాత్రం తినొచ్చు! కిటికీలోంచి వినపడే ఆ గొంతులే నాకు తోడు. పటా పోతే ఆ గొంతులూ పోతాయి. ఇక నేను గోడలతో మాట్లాడుకోవాలి.

కొంటానన్నవాడు టూరిస్టుల హోటల్ మనిషి, లోకేశ్ అని. పాత బల్లకి బదులు చౌక్ చుట్టూ పాలరాతి బెంచీలు వేయిస్తానన్నాడు. అంటే తలో మూల కూర్చోవడమే, ఆ మాటలు నా కిటికీ దాకా రావు. పాలరాయి చల్లగా ఉంటుందని బావగారు తలూపారు. మిగతా వాళ్ళూ ఊపారు. నేను ఆగలేక కిటికీలోంచి, పక్క సందులో ఉండే మా మరిది కిసన్‌ని పిలిచి, "ఆడాళ్ళని కూడా ఒక మాట అడగమను" అన్నాను.

వాడు వెళ్ళి చెప్పాడు. బావగారు పగలబడి నవ్వారు.

"ఆడాళ్ళనెందుకడగాలి? పటా మీద ఏనాడైనా కూర్చున్నారా వాళ్ళు?"

చౌక్ అంతా ఘొల్లుమంది. నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ పూట రొట్టెలు కావాలనే మాడ్చాను.

వైశాఖం ఎండలో, అందరూ తలుపులేసుకుని కునికే వేళ, పటాని తీసుకుపోవడానికి ఒంటె బండి వచ్చింది. మా సందుల్లోకి లారీ దూరదు. గంటల చప్పుడు వినగానే అప్పడాల కర్ర అక్కడే పడేశాను. ముసుగు గడ్డం దాకా లాక్కుని బయటికి నడిచాను. పటా ఎక్కి, మధ్యలో మఠం వేసుకుని కూర్చున్నాను. ఆ పని చేసిన ఆడది మా చౌక్‌లో అంతకు ముందు లేదు.

కిసన్ పరిగెత్తుకొచ్చాడు. "భాభీసా, ఇదేం పని? దిగండి. భాయీసా చూస్తున్నారు!"

"చూడనీ. ముసుగేసుకునే కూర్చున్నాగా."

బావగారు గడప మీద నిలబడి, ముఖం పక్కకి తిప్పుకుని అరిచారు. "కిసన్! లేవమను."

"భాభీసా, లేవమంటున్నారు."

"వినపడింది. నాకేమన్నా చెవుడా? లేవనని చెప్పు."

"భాయీసా, లేవరట."

"నాకూ వినపడిందిరా గాడిదా! ఎందుకు లేవదో అడుగు."

"పటా మీద ఏనాడైనా కూర్చున్నారా అన్నారుగా! కూర్చున్నానని చెప్పు. ఇప్పుడు నన్ను కూడా అడగమను. నేను అమ్మనంటున్నాను."

లోకేశ్‌కి చిరాకేసింది. "ఎందుకొచ్చిన గోలండీ? మనిషితో సహా ఎత్తేద్దాం పదండి."

ఒంటె బండి వాడు చేతులు కట్టుకున్నాడు. "ఆడమనిషి కూర్చున్నాక నేను ముట్టుకోను సార్. ఇంటికెళ్తే మా ఆవిడ అన్నం పెట్టదు."

"ఒక్కత్తి ఎంతసేపు కూర్చుంటుంది? ఎండకి అదే దిగుతుంది" అన్నారు బావగారు కిసన్‌తో, నాకు వినపడేలా.

ఆ మాట నిజమే. చెక్క పెనంలా కాలుతోంది. కళ్ళు తిరిగాయి. లేచిపోదామనే అనుకున్నాను, అబద్ధమెందుకు? అంతలో ఎదురింటి కేసర్ నీళ్ళ కుండతో వచ్చి నా పక్కన చతికిలబడింది.

"చచ్చిపోతావే పిచ్చిదానా, తాగు" అంటూ నా ముసుగులోకి గ్లాసు దూర్చింది. తర్వాత చెవిలో, "మా ఇంట్లోకి వెళ్ళు ఒకసారి. పటా మీద నేనుంటాలే, మా తోడికోడలు పుష్ప కూడా వస్తోంది" అంది.

కేసర్ ఇంటి నడవలో ఆడాళ్ళు గుమిగూడి ఉన్నారు. ఒకరి తల మీది ఓఢ్నీ ఒకరు మార్చుకుంటున్నారు. నా మీది విధవ గోధుమరంగు గుడ్డ ఎవరో లాగేసి, నారింజ రంగుది కప్పారు. తొమ్మిదేళ్ళయింది నేను రంగు కట్టి. వద్దనలేదు నేను. చేతులు లోపలికి ముడుచుకుని, ముసుగులు రొమ్ము దాకా దించుకుని, అందరం వరసగా వెళ్ళి పటా నింపేశాం.

కబురందుకుని మగాళ్ళు దిగారు. అప్పుడు వచ్చింది అసలు చిక్కు. ఎవడి పెళ్ళాం ఎవరో ఎవడికీ తెలియలేదు. సొంత పెళ్ళాన్నయితే కసరొచ్చు. తమ్ముడి పెళ్ళాన్ని కసిరితే చౌక్‌లో తలెత్తుకోగలడా?

కేసర్ మొగుడు రామ్‌దేవ్ ఆగలేకపోయాడు. తన పెళ్ళాం ఓఢ్నీ గుర్తుపట్టి, ఆ ఆకుపచ్చ ముసుగు ముందుకెళ్ళి వేలు చూపించి, "ఏయ్ కేసర్! సిగ్గు లేదూ? లేచి ఇంటికి నడు!" అని గద్దించాడు.

"నేనిక్కడున్నా" అంది కేసర్ అటు చివర్నుంచి. "అది పుష్ప."

రామ్‌దేవ్ ముఖం చూడాలి! తమ్ముడి పెళ్ళాన్ని అన్నందుకు చెంపలు వాయించుకుంటూ వెనక్కి నడిచి, ఒంటెకి గుద్దుకున్నాడు. ముసుగుల్లోపల మా నవ్వులకి పటా ఊగింది. ఆ తర్వాత ఒక్క మగాడూ నోరు తెరవలేదు. లోకేశ్ గడియారం చూసుకున్నాడు, ఫోన్ చేసుకున్నాడు, "మీ ఊరికో దండం" అని ఖాళీ బండి తోలించుకుని పోయాడు.

సాయంత్రమైంది. రోజూలాగే మగాళ్ళు వచ్చారు. మేం లేవలేదు. వాళ్ళు చుట్టూ నిలబడ్డారు. కాళ్ళు మార్చుకున్నారు, గొంతులు సవరించుకున్నారు. గెలిచారు కదా, ఇక ఇంటికెళ్ళి పొయ్యి వెలిగించుకుంటారులే అనుకున్నట్టున్నారు. ఎందుకెళ్ళాలి? ఇన్నేళ్ళూ వాళ్ళు చెప్పింది నేను విన్నాను. ఈ పూట నా ఊరి గురించి నేను చెప్తాను, వాళ్ళు వినాలి.

బావగారు నాకెదురుగానే నిలబడి ఉన్నారు. ఆయన కళ్ళు గోధుమరంగు గుడ్డ కోసం వెతుకుతున్నాయి.

నేను ముసుగెత్తి వెనక్కి వేసుకున్నాను. గాలి ముఖానికి తగిలింది. కళ్ళు దించకుండా ఆయన్నే చూశాను. ఆయన నన్ను ఎగాదిగా చూసి, కిసన్ వైపు తిరిగి మెల్లగా అడిగారు.

"ఈవిడెవర్రా? ఎవరింటి మనిషి?"

ఈసారి మధ్యవర్తి అక్కర్లేకపోయింది.

"మీ తమ్ముడి భార్యని భాయీసా, నా పేరు గవర" అన్నాను, కాస్త పక్కకి జరుగుతూ. "కూర్చోండి. చోటుంది."