జయానందం సార్ ఆఖరి తనిఖీ

జయానందం బడుల డిప్యూటీ ఇన్‌స్పెక్టరుగా ఉన్నంతకాలం ఆయన జీపు ఎటు తిరిగితే అటు బడిగోడలకు సున్నం పడేది. అల్లాదుర్గ్‌లో ఒకసారి ఆయన గుమ్మంలో కనబడగానే పిల్లల బదులు పంతులుగారే ఎక్కం తప్పు చెప్పాడని ఇప్పటికీ చెప్పుకుంటారు. అలాగని ఆయన కోపిష్టి కాదు. ఎవరి మీదా చెయ్యెత్తి ఎరగడు. కాకపోతే బడిలోకి అడుగు పెట్టగానే నల్లబల్ల మీద వేలు రాసి చూసుకునేవాడు, కిటికీ రెక్కలు ఊపి చూసేవాడు, చివరి బెంచీలో తల దాచుకున్న పిల్లవాణ్ణి లేపి ఒక ప్రశ్న అడిగేవాడు. జవాబు సగంలో ఉండగానే ఆ బడి ఎలాంటిదో ఆయనకు తేలిపోయేది. ఆయన తీర్పు తప్పని ఎవరూ అనలేదు. అనే ధైర్యం ఎవరికీ లేదు కూడా.

రిటైరయ్యాక మెదక్‌లోనే చర్చి వెనక వీధిలో ఇల్లు కట్టుకుని, జామచెట్లకు పాదులు చేసుకుంటూ, ఆదివారం ప్రార్థనలో గొంతెత్తి వాక్యం చదువుతూ హాయిగా ఉన్నాడు. పెద్దపిల్లలు స్థిరపడ్డారు. మిగిలింది ఆఖరు కూతురు ఎలిశిబా. పంతొమ్మిది వందల డెబ్బై ఒకటో సంవత్సరం ఎండాకాలంలో ఆ పిల్ల పదో తరగతి ఫస్టు క్లాసులో పాసై, డాక్టరీ చదువుతానని ఇంట్లో ప్రకటించింది. డాక్టరీకి ముందు ఇంటర్మీడియట్ చదవాలి. అసలు పేచీ అక్కడ వచ్చింది.

ఊళ్లో కొత్తగా సర్కారు జూనియర్ కాలేజీ పెట్టారు. ఎలిశిబాకు అందులోనే చేరాలని ఉంది. తల్లి మార్తమ్మకు కూతురు కళ్లముందు ఉంటే చాలు. సికింద్రాబాద్ నుంచి వచ్చిన మేనమామ రిచర్డ్ మాత్రం ససేమిరా అన్నాడు.

"బావా, గా కాలేజిల ఏముందని? రేకుల షెడ్డు, నాలుగు బెంచీలు. మా తాన మంచి కాలేజి ఉంది, హాస్టల్ ఉంది. పోరి తెలివైనది. దాన్ని గీడ పడేసి ఖరాబు చెయ్యకుండ్రి."

"ఖరాబు గావుడేంది మామా? గీ కాలేజిల సదివెటోళ్లు మనుషులు గారా?" అని ఎలిశిబా ఉరిమింది.

"ఏందయ్యా, మీరన్న చెప్పుండ్రి. ఇద్దరు కలిసి నా తలకాయ తింటున్నరు" అని మార్తమ్మ మొగుడి వైపు తిరిగింది.

జయానందం కళ్లద్దాలు తుడుచుకున్నాడు. బడుల మంచిచెడ్డలు చెప్పడానికి ఊళ్లో తనకంటే అర్హుడెవరు?

"పరేషాన్ గాకుండ్రి. నేను పోయి చూసొస్త. చూసినంక ఏది చెప్తే అదే" అన్నాడు.

అందరూ ఒప్పుకున్నారు. ఆయన ఒక పూట చూసి వచ్చాడంటే ఆ తర్వాత ఇక వాదనలుండవని రిచర్డ్‌కు కూడా తెలుసు.

వానలు పడి కాలేజీ తెరిచిన కొద్ది రోజులకు, చెప్పాపెట్టకుండా ఒక ఉదయం జయానందం బయలుదేరాడు. తెల్లప్యాంటు, పాత తనిఖీల కోటు, మెరిసే బూట్లు, చేతిలో గొడుగు. గేటు దాటగానే ఆయన కళ్లు పాత అలవాటున పని మొదలుపెట్టాయి. గోడకు సున్నం లేదు. ఒక గది కిటికీకి రెక్క లేదు, అట్టముక్క కట్టారు. వరండాలో అన్నీ బురద అడుగులు. ఒక తరగతిలో పిల్లలు మాత్రమే ఉన్నారు, చెప్పేవాళ్లు లేరు.

అటెండరు ఎల్లం ఆయన్ను గుర్తుపట్టి పరుగున వచ్చాడు. చిన్నప్పుడు ఎల్లం కూడా ఆయన ప్రశ్నకు నిలబడి వణికినవాడే.

"సార్, మీరా! ప్రిన్సిపాల్ సార్ సంగారెడ్డి మీటింగుకు పోయిండు సార్. కూసోండ్రి, చాయ్ తెస్త."

"చాయ్ ఒద్దు గని, గా క్లాసుల ఎవరు లేరేందయ్యా?"

"అది ఇంగ్లీషు క్లాసు సార్. ఇంగ్లీషు సార్‌ను ఇంక పంపలే. పిల్లలే సదువుకుంటున్నరు."

"బైపీసీ క్లాసు ఏది?"

ఎల్లం తల గోక్కున్నాడు. "గాళ్లు... వెనక తూముకాడికి పోయిండ్రు సార్. కప్పల కోసం."

జయానందానికి సరిగ్గా వినబడిందో లేదో అనుమానం వచ్చింది. మళ్లీ అడిగితే ఎల్లం మళ్లీ అదే చెప్పాడు. పాఠం వేళకు క్లాసు క్లాసంతా కప్పలు పట్టడానికి పోవడమా! ఆయన మనసులో కాలేజీకి సున్నా పడిపోయింది. రిచర్డ్ మాట నిజమే అనుకుంటూ, ఎందుకైనా మంచిదని ఆ చోద్యం కూడా చూద్దామని కాలేజీ వెనకవైపు నడిచాడు.

వరండా చివరికి వెళ్లేసరికి వాళ్లే ఎదురొస్తున్నారు. ముందు ఒక బక్కపలచని యువకుడు, ప్యాంటు మోకాళ్ల దాకా మడిచి, బుగ్గ మీద బురదతో. ఆయన వెనక పదీ పన్నెండు మంది మగపిల్లలు, ఇద్దరు ఆడపిల్లలు. అందరి చేతులూ కాళ్లూ మట్టే. నడుమ ఇద్దరు మోసుకొస్తున్న గోనెసంచి తనంతట తానే కదులుతోంది.

"నమస్తే సార్. నేను మదన్ మోహన్, జువాలజీ చెప్త" అన్నాడు ఆ యువకుడు. "హైదరాబాద్ కెల్లి కప్పలు రావాలె సార్, రాలే. వస్తయని చూసుకుంట కూసుంటే పోర్షన్ ఆగుతది. మన తాన వానకు బొచ్చెడు కప్పలు. గందుకే అందరం పోయినం." అంతలో ల్యాబు షెడ్డు తలుపు తాళం బిగుసుకుపోయిందని ఎవరో అరిచారు. "జర గిది పట్టుకోండ్రి సార్, ఒక్క నిమిషం" అంటూ మదన్ మోహన్ సంచిమూతిని జయానందం చేతిలో పెట్టి తాళం దగ్గరికి పరుగెత్తాడు.

సర్వీసులో ఎవరూ ఆయన చేతికి పూలదండ తప్ప ఇంకేదీ ఇవ్వలేదు. ఏం చేయాలో తోచక రెండు వేళ్లతో సంచిమూతి పట్టుకున్నాడు. లోపల ఏదో గట్టిగా తన్నింది. ఆయన ఉలిక్కిపడ్డాడు. వేళ్లు వదులయ్యాయి.

తరవాత జరిగింది మెదక్‌లో చాలా రోజులు చెప్పుకున్నారు. కప్పలన్నీ ఒక్కసారిగా వరండాలోకి దూకాయి. ఒకటి ఇంగ్లీషు సారు లేని క్లాసులోకి పోయింది, క్లాసంతా బెంచీలెక్కింది. ఇంకొకటి ప్రిన్సిపాల్ గదిలోకి దూరి కుర్చీ మీద కూర్చుంది. "సార్ మీటింగుకెల్లి జల్ది వాపసొచ్చిండ్రో!" అని ఎవడో అరిస్తే కాలేజీ పైకప్పు ఎగిరిపోయేలా నవ్వులు. బైపీసీ పిల్లలు నేలమీద పడి పాకుతూ పట్టుకుంటున్నారు. ఎల్లం చీపురుతో దారి కాస్తున్నాడు. జయానందం బూటు మీదే ఒక పెద్ద కప్ప తాపీగా కూర్చుని గొంతు ఆడిస్తోంది.

"సార్, కదలకుండ్రి! గట్లనే ఉండుండ్రి!" అంది ఒక ఆడపిల్ల, రెండు చేతులూ చాచి మెల్లగా వంగుతూ.

జయానందం ఊపిరి బిగపట్టాడు. ఆ అమ్మాయి చటుక్కున పట్టింది. పట్టీ పట్టకముందే కప్ప జారి ఆయన కోటు మీదికి ఎగిరింది. ఏమయిందో ఆయనకే తెలియదు, గొడుగు ఫట్‌మని తెరిచి తిరగేసి దాన్ని అందులోకి పట్టేశాడు. పిల్లలంతా చప్పట్లు కొట్టారు. జయానందం తన గొడుగులోకి చూసుకున్నాడు. ఆయన ముఖంలో గెలిచిన పిల్లవాడి సంబరం కనబడింది. వెంటనే సర్దుకుని దగ్గాడు.

అన్నిటినీ పట్టి షెడ్డులోకి చేర్చాక మదన్ మోహన్ క్షమాపణ చెప్పుకున్నాడు. ఒకడు ఆయన కోటు దులిపాడు. కూర్చోండని బెంచీ చూపించారు. బూట్లు బురదైతే అయ్యాయి, వచ్చిన పని వచ్చిన పనే. ఆయన గొంతు సవరించుకుని కప్ప పట్టబోయిన ఆ అమ్మాయి వైపు చూశాడు.

"నీ పేరేందమ్మా?"

"ఐలమ్మ సార్. మాది శంకరంపేట."

"సరే ఐలమ్మా. నాకొకటి చెప్పు. వానకు ముందుగాల కప్పలు ఎందుకొర్రుతయ్?"

తర్వాత ఏమవుతుందో ఆయనకు తెలుసు. ఇప్పుడు పిల్ల తల దించుతుంది, వెనకనుంచి ఎవరో గుసగుసగా అందిస్తారు, పంతులు కళ్లతో సైగ చేస్తాడు. ఆయన ఎదురుచూశాడు.

ఐలమ్మ తల దించలేదు. కాసేపు ఆలోచించి, "తెల్వదు సార్" అంది. అని ఊరుకోకుండా, నిజంగానే తెలుసుకోవాలన్న ఆశతో, "మీకు తెలుసా సార్?" అని అడిగింది.

షెడ్డు మీద సన్నగా వాన మొదలైంది. ఇన్నేళ్ల ఉద్యోగంలో జయానందానికి ఎదురు ప్రశ్న వేసినవాళ్లు లేరు. పైగా ఆయనకు కూడా నిజంగా తెలియదు.

"నాకు గూడ తెల్వదు బిడ్డా" అన్నాడు చివరికి.

"నాకు సగమే తెలుసు" అన్నాడు మదన్ మోహన్ ఉత్సాహంగా. "ఒర్రేటివి మగకప్పలు, ఆడకప్పలను పిలుస్తయి. గని వాన రాకముందే వాటికెట్ల తెలుస్తదో, నేను సదివిన పుస్తకంల లేదు. రాసి పెట్టుకుందం, ఎతుకుదం. ముందుగాల మన కప్పల మగెన్నో ఆడెన్నో చూద్దామా? గొంతుకాడ నల్లగ ముడుతలుంటే మగది."

పిల్లలు కప్పల మీదికి వంగారు. "ఇది మగది సార్!" "కాదు, మంచిగ చూడు!" అని ఒకరితో ఒకరు వాదులాడుకుంటున్నారు. ఐలమ్మ ఒక కప్పను జయానందం ముందుకు తెచ్చి, "మీరు జూడుండ్రి సార్, ఏదంటరు?" అంది. ఆయన కళ్లద్దాలు సర్దుకుని, కప్ప గొంతు కింద పరీక్షగా చూసి, "మగదే" అన్నాడు. "శెబాష్ సార్!" అన్నాడు వెనకనుంచి ఒకడు. బెల్లు కొట్టేదాకా ఆయన అక్కడే ఉండిపోయాడు. నల్లబల్ల మీద వేలు రాయడం పూర్తిగా మరిచిపోయాడు.

ఇంటికొచ్చేసరికి రిచర్డ్, మార్తమ్మ, ఎలిశిబా ముగ్గురూ అరుగు మీదే కూర్చుని ఉన్నారు. ఆయన బూట్లు చూసి మార్తమ్మ లబలబలాడింది.

"యాడ పడ్డరయ్యా! కాలేజికి పోతున్నమని చెప్పి పొలానికి పోయిండ్రా?"

"కాలేజికే పోయిన."

"ఎట్లుంది బావా?" అన్నాడు రిచర్డ్, జవాబు తెలిసినవాడిలా.

"సున్నం లేదు. కిటికీకి అట్టముక్క. ఇంగ్లీషు చెప్పెటోడే లేడు. క్లాసోళ్లు కప్పలు పట్టుకుంట తిరుగుతున్నరు."

"నేను చెప్పలే?" రిచర్డ్ తొడ చరిచాడు. ఎలిశిబా ముఖం వాడిపోయింది.

"ఆగు, ఇంక అయిపోలే" అన్నాడు జయానందం. బూట్లు విప్పి, తీరిగ్గా కూర్చున్నాడు. "గాడ ఒక పిల్ల ఉంది. అడిగితే తెల్వదని చెప్పింది, మొఖం ఎత్తి. ఎవ్వరు నవ్వలే. సార్ గూడ కొట్టలే, తిట్టలే, నాకు గూడ సగమే తెలుసు అన్నడు. అందరు కలిసి ఎతుకుతున్నరు. రిచర్డూ, నేను ఎన్ని బడులు చూసిన్నో నీకెరుకనే. అందరు నాకు జవాబు చెప్పిండ్రు గని, సదువుకుంట ఎవరు కనబడలే. గీడ కనబడ్డరు. బిడ్డ గీడనే సదువుతది."

ఎలిశిబా ఎగిరి వచ్చి తండ్రి మెడ పట్టుకుంది. కోటు నుంచి ఏదో వాసన వస్తోందని వెంటనే ముక్కు మూసుకుని వెనక్కి తగ్గింది.

రిచర్డ్ అంత తేలిగ్గా వదలలేదు. "మరి ఇంగ్లీషో? డాక్టరీ అంత ఇంగ్లీషులనే ఉంటది. దానికేం జేస్తవ్ బావా?"

"ఇంగ్లీషు నేను చెప్త" అన్నాడు జయానందం. ఆ మాట నోట్లోంచి వచ్చాక గానీ తానేం అన్నాడో ఆయనకే తెలియలేదు. తెలిశాక బాగానే ఉందనిపించింది.

మర్నాడు ప్రిన్సిపాల్ రాంచందర్ గదిలోకి ఆయన వెళ్తే, ఆ పెద్దమనిషి గాభరాపడి లేచి నిలబడ్డాడు. కప్పల సంగతి అప్పటికే ఆయన చెవిన పడింది.

"సార్, కిటికీల కోసం రాసిన సార్, పైనుంచి..."

"నేను తనిఖీకి రాలే. ఇంగ్లీషు సారొచ్చే దాక పాఠం చెప్పనిస్తరేమో అడగొచ్చిన. జీతం ఒద్దు."

రాంచందర్ బల్ల చుట్టూ తిరిగి వచ్చి ఆయన చేతులు పట్టుకున్నాడు. "గిప్పుడే రాండ్రి సార్. క్లాసు ఖాళీగనే ఉంది."

అలా ఎలిశిబా బైపీసీలో చేరింది. జయానందం మళ్లీ కోటు తొడిగాడు. తండ్రీ కూతుళ్లు పొద్దున్నే కలిసి బయలుదేరేవారు, గేటు దగ్గర మాత్రం ఆ పిల్ల పది అడుగులు వెనకబడేది. సారు కూతురనిపించుకోవడం తనకు ఇష్టం లేదంది. ఐలమ్మతో ఆమెకు మొదటి రోజే స్నేహం కుదిరింది.

మొదటి వారం గడిచాక, మధ్యాహ్నం అన్నాల దగ్గర జయానందం పప్పు కలుపుకుంటూ, ఏమీ పట్టనట్టు అడిగాడు. "పిల్లలు ఏమంటున్నరు? నా పాఠం గురించి?"

ఎలిశిబా తల్లి వైపు చూసింది. మార్తమ్మ నవ్వు ఆపుకుంటోంది.

"చెప్పాల్నా నాయినా? కోపం జెయ్యొద్దు మల్ల."

"చెప్పు."

"గ్రామర్ మస్తు చెప్తరంట. తప్పయితే తిట్టరంట. గని పద్యం సదివేటప్పుడు చర్చిల వాక్యం సదివినట్లే ఉంటదంట. అల్లాదుర్గ్ గాలయ్య అయితే అయిపోంగనే ఆమెన్ అనబోయి నోరు మూసుకున్నడంట."

జయానందం చేతిలో ముద్ద అలాగే ఆగిపోయింది. మార్తమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆయన గొంతులో ఏదో గరగరమంది, తర్వాత భుజాలు కదిలాయి, ఆ తర్వాత పొలమారేదాకా నవ్వాడు. కూతురు నీళ్లు అందిస్తే తాగి, కళ్లు తుడుచుకుని, "అయితే పాసయిన్నా, ఫెయిలా?" అన్నాడు.

"పాసే" అంది ఎలిశిబా. "సెకండ్ క్లాస్."

"ఎవరిచ్చిండ్రు సెకండ్ క్లాస్?"

"అందరం కలిసి."

అన్నం తిని చెయ్యి కడుక్కున్నాక ఆయన పెరట్లోకి పోయి, జామచెట్టు ముందు నిలబడి, రేపటి పద్యాన్ని మామూలు మనిషి గొంతుతో ఎలా చదవాలో మెల్లగా సాధన చేసుకోసాగాడు. వంటింటి కిటికీలోంచి తల్లీ కూతుళ్లు వింటున్నారని ఆయనకు తెలియదు. రెండుసార్లు విని, "జర మంచిగైంది" అని మార్తమ్మ తేల్చింది.